పిట్టకు పెట్టడం

వేడి సజ్జరొట్టె వాసన. దాని మీద కరుగుతున్న బెల్లం వాసన.

సూరత్ చలి ఎంతని... ఒక పల్చటి దుప్పటికి లొంగే చలి. అయినా చలికాలం చలికాలమే. పిట్టలకు తిండి దొరకదు, ఇంట్లో ఏదైనా చేసి పెట్టండని బడిలో టీచర్ చెప్పిందట.

టీచర్ చెప్పింది గుజరాతీలో. సంతోషి ఇంటికి తెచ్చింది తెలుగులో.

"అమ్మా, మనం పిట్టకు పెట్టాలె."

రొట్టె తిప్పుతున్న భాగీరథి చేయి ఆగిపోయింది.

ఇక్కడే, సూరత్ వడోద్‌లో పుట్టిన పిల్ల. దానికేం తెలుసు? పంఖీ అంటే పిట్ట. చణ్ వేయడమంటే గింజలు పెట్టడం. రెండు మాటలూ పక్కపక్కన చేర్చుకుంది, అంతే.

కానీ కరీంనగర్ వైపు ఆ రెండు మాటలూ కలిస్తే అర్థం ఒక్కటే. మనిషి పోయిన మూడోనాడు, ఆ మనిషికి ఇష్టమైనవి వండి బయట పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందా — పోయిన జీవం తృప్తిపడ్డట్టు.

"అట్ల అనద్దు బిడ్డా. పిట్టలకు గింజలు ఏస్తున్నం అను."

"రెండూ ఒకటే గదనే!"

ఒకటి కాదు. కాదని ఎలా చెప్పాలి?

భర్త నర్సింగం భివండిలో మగ్గం పని చూసుకుంటానని వెళ్లాడు. చేరానని ఒక్క ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఫోన్ లేదు, మనిషి లేడు. ఇది రెండో చలికాలం. వెతకడానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి లేడన్నారు. లేడంటే — అక్కడ లేడని. భాగీరథి ఆ మాటను అంతకంటే ముందుకు పోనివ్వలేదు. భర్త కోసం పెట్టుకునే బొట్టు పెట్టుకుంటూనే ఉంది.

పిల్లలు పనిలో పడ్డారు. చిన్నది హారతి రొట్టె తుంచింది. సంతోషి బెల్లం నలిపింది. పల్లీలు దంచి కలిపారు. చేతులకు జిగురు, మూతులకు పిండి... పిట్టల కంటే ముందు వీళ్లే సగం తినేట్టున్నారు. భాగీరథి నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. తనే ముద్దలు కట్టింది.

కొబ్బరి చిప్పల్లో పెట్టి, గది ముందు కటకటాలకు వేలాడదీశారు.

అప్పుడు సంతోషి, వరసలోని గదులన్నీ వినేట్టు అరిచింది.

"మేం పిట్టకు పెట్టినమోచ్!"

పక్క గదిలో వెంకటవ్వ ఉంది. నోట్లో నువ్వుగింజ నానని వెంకటవ్వ. చేతిలో చీపురు చేతిలోనే ఉంది, ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"ఎప్పుడు తెల్సిందే బిడ్డా? నాకొక్క మాట చెప్పకపోతివి... అయ్యో నర్సింగం, గింతలనే పోతివా కొడుకా!"

"ఎవ్వలు పోలేదవ్వా! పోరి తెల్వక అన్నది. బడిల చెప్పిన్రట, పిట్టలకు..."

వెంకటవ్వ కళ్లు తుడుచుకుంది. చిప్పలోకి తొంగి చూసింది. చూసి, మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మలీద గదనే ఇది. వానికి మలీదంటే పానం గద."

అవును... మలీద. రొట్టె, బెల్లం, పల్లీలు. బతుకమ్మ పండుగకు చేస్తే గిన్నె ఊడ్చి తినేవాడు. ఇంకా ఉందా అని అడిగేవాడు. పిల్లల చేతులు చూస్తూ చూస్తూ, తన చేతులు ఏం కడుతున్నాయో భాగీరథి చూసుకోలేదు.

ఇష్టమైనదే వండింది. బయటే పెట్టింది.

ఇక రావలసింది కాకి.

దించేద్దామని చేయి చాచింది. హారతి కొంగు పట్టుకుని లాగింది.

"ఆగమ్మా! కాగ్‌డో ఆవ్యో! కాకి అచ్చింది!"

ఎదుటి రేకుల మీద వాలింది. మెడ వంచి చూస్తోంది.

పిల్లలు ఊపిరి బిగబట్టారు. రావాలి... రావాలి...

రావద్దు. నీకు దండం పెడతా, రావద్దు.

ఉస్సో అంటే చాలు, పోతుంది. పిల్లలు ఏడుస్తారు. ఏడవనీ. బొట్టు చెరపాల్సిన ఏడుపు కంటే అది నయం.

భాగీరథి చేయి ఎత్తింది.

కానీ... ఒకవేళ.

ఒకవేళ అతను నిజంగానే... ఎక్కడో, ఇన్నాళ్లుగా, ఎవ్వరూ ఒక్క ముద్ద కూడా పెట్టక... ఆకలితో వచ్చి ఉంటే?

ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండిపోయింది. తోలలేకపోయింది. రమ్మనలేకపోయింది.

రెక్కల చప్పుడు.

భాగీరథి గట్టిగా కళ్లు మూసుకుంది.

"అమ్మా, సూడు! సూడు... ఏందే, సూడవేందే?"