బుచ్చన్న హౌజులో చాయ్ రంగు నీళ్లు

బుచ్చన్న పన్నెండేళ్లు దుబాయిలో ఒక షేకు ఇంటి స్విమ్మింగ్ పూల్ శుభ్రం చేశాడు. ఆ పన్నెండేళ్లూ కోరుట్లలో అతని భార్య సత్తవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది. తొంభై రెండులో అతను తిరిగొచ్చేసరికి ఆమె మోకాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. నీళ్లలో నిలబడి కాళ్లు ఆడించమని జగిత్యాల డాక్టరు చెప్పాడు.

"గంతేనా! నీళ్ల ముచ్చట నాకిడిసిపెట్టు" అన్నాడు బుచ్చన్న. ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, నడుము లోతున పూల్ కట్టించాడు. వాడకట్టు వాళ్లు దాన్ని హౌజు అన్నారు.

బోరు నీళ్లు నింపినప్పుడు అడుగున పడ్డ చిల్లర పైసా కూడా కనబడింది. దుబాయిలో అలవాటైన చేత్తో బ్లీచింగ్ పౌడర్ వేశాడు. సాయంత్రానికి నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. అన్నీ తోడిపోసి మళ్లీ నింపాడు. మళ్లీ అదే రంగు. నాలుగోసారి పటిక గుప్పిళ్లకొద్దీ గుమ్మరించాడు. రంగు పోకపోగా నీళ్లు మసకబారి, చెయ్యి పెడితే చర్మం చురచురలాడింది.

"బుచ్చన్నా, గింత చక్కెర గూడ ఎయ్యరాదు, తాగుతం!" అని పక్కింటి నర్సక్క గోడ మీదుగా నవ్వింది. బుచ్చన్న రెండు రోజులు పెరట్లోకి వెళ్లలేదు.

"మీ అక్కనడుగరాదు?" అంది సత్తవ్వ.

"పన్నెండేండ్లు గదే పని చేసిన. ఇంకోలనడుగాల్నా నేను?"

అతని అక్క సరోజనది సిరిసిల్లలో నూలుకు రంగులద్దే పని. తెల్ల నూలు మీద ఒక్క మరక పడినా షావుకారు ఒప్పుకోడు కాబట్టి నీళ్ల గుణం ఆమెకు బాగా తెలుసు. సత్తవ్వ మొగుడికి చెప్పకుండా ఆమెకు కబురు పంపింది. సరోజన సోడా పొడి, పరీక్ష కాగితాలు సంచిలో వేసుకుని మర్నాడే బస్సెక్కింది.

ఆ రోజుల్లో నక్సలైట్ అన్నల కోసం దారిలో ఎక్కడపడితే అక్కడ బస్సులు ఆపి వెతికేవాళ్లు. రుద్రంగి దాటాక పోలీసులు అందరినీ దింపారు. సరోజన సంచిలో తెల్లపొడి చూసి ఎస్సై మొహం బిగిసింది.

"ఏందిది?"

"సోడా, సారూ. నీళ్లు కడుగనీకె."

"నీళ్లతోని బట్టలు కడుగుతరు. నీళ్లనెవలు కడుగుతరు?"

"మా తమ్ముని ఇంట్ల స్విమ్మింగ్ పూల్ ఉన్నది. అండ్ల నీళ్లు కరాబైనయ్."

"కోరుట్లల స్విమ్మింగ్ పూలా? ఎవడా దొర?"

"దొర గాదు సారూ! దుబాయిల పూల్ కడిగినోడు."

వరుసలో నిలబడ్డ వాళ్లు బెరుకుగా నవ్వారు. ఎస్సై నవ్వలేదు. సరోజన కొంగు ముడిలోని పసుపు కాస్త తీసి అరచేతిలో నీళ్లతో కలిపి, మీద చిటికెడు సోడా చల్లింది. పసుపు ఎర్రగా కుంకుమలా మారింది. "సోడా తాకితేనే గిట్లైతది, సారూ" అంది. కానిస్టేబుల్ ఒకడు "అరే!" అంటూ ముందుకు వంగాడు. ఎస్సై ఆమె చేతిని, మొహాన్ని మార్చి మార్చి చూసి, చివరికి తనూ నవ్వేశాడు. "పో అమ్మా, పో. గా నీళ్లను మంచిగ కడుగు!"

గుమ్మంలో అక్కను చూడగానే బుచ్చన్న మొహం తిప్పుకున్నాడు. ఆమె పట్టించుకోలేదు. నేరుగా పెరట్లోకి నడిచి, తెల్ల గిన్నెలో బోరు నీళ్లు పట్టించి చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేసింది. మాటల్లో ఉండగానే గిన్నె అంతా చాయ్ రంగయింది.

"సూడు తమ్మీ. నీ చేతుల తప్పు లేదు. గీ బోరు నీళ్లల్ల ఇనుమున్నది. పౌడర్ తాకంగనే తుప్పు పట్టి చిలుమైతది."

"దుబాయిల గిట్ల కాకపాయె!"

"ఆడ శుద్ధి జేసిన సముద్రం నీళ్లాయె. అండ్ల ఇనుమేడికెల్లి అస్తది? నువ్వు పారబోసి నింపినప్పుడల్ల కొత్త ఇనుము తెచ్చి పోస్తున్నవ్."

బుచ్చన్న తన చేతులకేసి చూసుకున్నాడు. మూడుసార్లు తోడిన చేతులవి.

ఆమె నీలం పరీక్ష కాగితం హౌజులో ముంచింది. అది ఎర్రబడింది. "పటిక ఎక్కువై నీళ్లు పులిసినయ్. పులుపు నీళ్లల్ల చిలుము కిందికి దిగది."

కాగితం ఎర్రబడడం మానేదాకా సోడా కరిగించి కొద్దికొద్దిగా పోయించింది. పొద్దు వాలాక బ్లీచింగ్ పౌడర్ బకెట్‌లో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేట మాత్రమే పోసి, హౌజు నీళ్లను తిప్పే మోటారు వేయించింది. ఇనుమంతా బయటపడి హౌజు మునుపటికన్నా చిక్కటి చాయ్ అయింది. అప్పుడు ఆమె కొంచెమే పటిక కరిగించి పోసి, కలియబెట్టి, మోటారు ఆపేసింది.

"రేపటిదాక ఎవ్వలు ముట్టద్దు. నువ్వు అసలే ముట్టద్దు."

తెల్లారి చూస్తే చిలుమంతా బురదలా అడుగున పరుచుకుని ఉంది. పైన నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. సంబరం పట్టలేక బుచ్చన్న మోటారు మీటకేసి పరుగెత్తాడు.

"ఆగు! మల్ల కలుపుతవా దాన్ని?"

పైపుతో అడుగు బురద మెల్లగా బయటికి లాగారు. తగ్గిన మేరకు కొత్త బోరు నీళ్లను ముందు డ్రమ్ములో ఇలాగే తేర్చి, ఆపైన హౌజులో పోశారు. కాగితం ముంచితే ఎరుపు రాలేదు, నీలంగానే ఉంది. బ్లీచింగ్ ఘాటు తగ్గేదాకా ఇంకో రోజు ఆగారు.

సత్తవ్వ పాత చీర కట్టుకుని మెట్లు దిగింది. బుచ్చన్న ఒక చెయ్యి, సరోజన ఒక చెయ్యి పట్టుకున్నారు. నాలుగడుగులు వేశాక సత్తవ్వ ఇద్దరి చేతులూ వదిలేసింది. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఒక్కతే నడిచొచ్చి, "వదినే, మోకాలు వంగుతున్నదే!" అని గట్టిగా నవ్వింది. బుచ్చన్న తువ్వాలతో మొహం రుద్దుకున్నాడు.

వారం తిరక్కుండా నర్సక్క తన మోకాళ్ల సంగతి చెప్పుకుంది. ఆమె వెనక బీడీలు చుట్టే ఆడవాళ్లు ఇంకో అయిదుగురు వచ్చారు. రోజూ పొద్దున హౌజు నిండా మాటలే. బుచ్చన్న మాత్రం గట్టు మీద బకెట్, చెంబు పెట్టుకుని కూర్చుని, వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆపేవాడు.

"కాళ్లు కడుక్కొని దిగుండ్రి! తలకు నూనె పెట్టుకున్నోళ్లు దిగద్దు! నర్సక్కా, నిన్నే అంటున్న!"