‘అలర్జీ లేదు’ అన్న తెర

ఆదివారం మధ్యాహ్నం ఓపీ ఉండదు కాబట్టి, మా ఆసుపత్రి సర్వరుకు కొత్త లినక్స్ వేసి డేటాబేసును కొత్త వెర్షనుకు మార్చడానికి ఆ పూటే ఎంచుకున్నాను. అది ఆగి ఉన్నంతసేపూ, ఏ రోగికి ఏ మందు పడదో రాసిన కాగితం వార్డు గోడకు అంటించి ఉంటుంది. నేను చెప్పాకే హెడ్ నర్సు అక్క దాన్ని తీసేస్తుంది.

రెండు గంటల్లో పని అయిపోయింది. పాతదాంట్లో ఎన్ని రికార్డులో కొత్తదాంట్లోనూ అన్నే. ఇక పేరు కొడితే రికార్డు ఎక్కడుందో చూపే సూచికను (ఇండెక్స్) మళ్లీ కట్టమని ఒక ఆదేశం ఇవ్వాలి. కిందటి రెండుసార్లు ఇవ్వకపోయినా కొంపలేం మునగలేదు. ఈసారీ వదిలేశాను.

"అక్కా, అయిపోయింది. కాగితం తీసెయ్యి" అని ఫోన్లో చెప్పాను, ఏదో ఘనకార్యం చేసినవాడిలా.

టీ తాగుతూ ఊరికే మా అమ్మ పేరు కొట్టి చూశాను. ఆవిడకు పెన్సిలిన్ పడదు. నాలుగేళ్ల కిందట ఇక్కడే ప్రాణం మీదికి వచ్చింది. తెర మీద ‘అలర్జీ లేదు’ అని వచ్చింది.

రికార్డు నంబరుతో వెతికితే అమ్మ వివరాలన్నీ భద్రంగా ఉన్నాయి. పేరుతో వెతికితేనే లేవు. కొత్త లినక్సులో అక్షరాలను పేర్చే వరుస మారింది, పాత వరుసలో కట్టిన సూచికలో పేరును తప్పు చోట వెతుకుతోంది. పేరు దొరకకపోతే దొరకలేదని చెప్పాలి కదా, మా తెర ‘అలర్జీ లేదు’ అంటుంది. ఆ దిక్కుమాలిన తెర తయారుచేసిందీ నేనే.

వార్డు ఫోన్ ఎంగేజ్. మూడంతస్తులు పరిగెత్తాను.

"అక్కా, ఎవరికైనా ఇంజెక్షన్ ఇచ్చావా?"

"ముగ్గురికిచ్చాను. పేరు కొడితే అలర్జీ లేదనే చూపించింది కదా. ఏమైంది తమ్ముడూ?"

"అది తప్పు చూపిస్తోంది. ఇంకెవరికీ ఇవ్వకు. కాగితం ఏది?"

చెత్తబుట్టలోంచి తీసింది. ఇద్దరం వేలు పెట్టి చదివాం. ఇంజెక్షన్ ఇచ్చిన ముగ్గురిలో మొదటి పేరు లేదు. రెండోదీ లేదు. మూడో పేరు ఉంది, పక్కన ఇప్పుడిచ్చిన మందే.

ఆ పేరుగల పెద్దాయన మూడో మంచం మీద మెడ గోక్కుంటున్నాడు. పెదవులు ఉబ్బుతున్నాయి. అక్క డాక్టరు కోసం కేక వేసింది. ఆయన వచ్చి విరుగుడు ఇచ్చేవరకూ ఆ ముసలి గొంతులో ఊపిరి ఈలవేస్తూనే ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అరగంటకు ఊపిరి కుదుటపడింది. పెద్దాయన భార్య వచ్చి నా చేతులు రెండూ పట్టుకుంది.

"సమయానికి పరిగెత్తుకొచ్చావు నాయనా. నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లమో."

"ఆయనకు అలర్జీ లేదని చెప్పింది నేనేనమ్మా" అన్నాను.

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత తన చేతులు వెనక్కి తీసుకుంది.