చేప పుండుకు ఉప్పు

ప్రత్యూష పెంచుకుంటున్న గోల్డ్‌ఫిష్‌కు ఒంటి మీద పుండు లేచింది. దాన్ని విడిగా టబ్బులో ఉంచి, నీళ్లలో చెంచాడు కల్లుప్పు కరిగించి, రోజూ ఆ నీళ్లు మార్చమని గోల్ ఘర్ బజారులో చేపలమ్మే అతను చెప్పాడు.

"ఉప్పునీటిలో ఏటి బతుకుతాదే?" అంది కాశమ్మ మనవరాలితో.

"అది దవాయి, అమ్మమ్మా. దుకాణం భయ్యాకి తెలీదా ఏటి?"

సునామీనాడు సిప్పీఘాట్‌లో కాశమ్మ పొలం మీదికొచ్చిన సముద్రం మళ్లీ వెనక్కి పోలేదు. ఆమె నాటిన పోకచెట్లు ఆ నీళ్లలో నిలబడే ఎండిపోయాయి.

పిల్ల పొద్దున్నే ఉప్పు కలిపి బడికి వెళ్లేది. సందు మలుపు తిరగ్గానే కాశమ్మ ఆ నీళ్లు పారబోసి, టబ్బు కడిగి, బిందెలోని మంచినీళ్లు పోసేది. ఆదివారం మాత్రం పిల్ల ఇంట్లోనే ఉండడంతో కుదరలేదు. ఆ సాయంత్రం పుండు అంచులు కాస్త ఆరినట్టు కనిపించాయి. తన మంచినీళ్ల చలవేననుకుని కాశమ్మ మురిసిపోయింది.

తర్వాత పుండు పొట్టదాకా పాకింది. ఒక పొద్దున చేప వెల్లకిలా తేలింది.

ప్రత్యూష ఏడుస్తూ అంది: "నువ్వు చెప్తే నేను విన్లేదు, అమ్మమ్మా. ఉప్పేసి నేనే చంపీసినాను."

కాశమ్మకు ఆ ఆదివారం గుర్తొచ్చింది. చేప ఉప్పునీళ్లలో రోజంతా ఉన్నది అప్పుడే. "నువ్వు కాదే" అనబోయింది.

అప్పటికే పిల్ల వంటింట్లోంచి ఉప్పుడబ్బా తెచ్చి కాలవలో ఒంపేస్తోంది.