నాలుగో వంతు పైకప్పు

రోస్విత హేగెలె ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టనిదే స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఏ కాంట్రాక్టరూ సెంట్రింగ్ విప్పడానికి వీల్లేదు. ఎవరో కట్టిన లెక్కల్ని తనిఖీ చేయడం ఆవిడ పని. తప్పు దొరికిందా, ఆవిడకు ఆరోజు పండగే. ఈ గురువారం విప్పాల్సింది కొత్త ఈతకొలను పైకప్పు. నలభై మీటర్ల వెడల్పున పరుచుకున్న కాంక్రీటు పెంకు, మందం మాత్రం ఎనిమిది సెంటీమీటర్లే. దాని కింద పిల్లలు ఈత నేర్చుకుంటారు. అది నిలుస్తుందని ఆవిడ ఒప్పుకోవాలి, లేదా ఆపెయ్యాలి.

లెక్క చేసిన డాక్టర్ ఫోల్కర్ బాయర్లె మంగళవారం పొద్దున్నే రెండొందల రంగుల పేజీలు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఎరుపు, పసుపు, నీలం. పైన పటారం, లోన లొటారం అనుకుంటూ ఆవిడ తిరగేసింది.

"ఇది లెక్కా, పెళ్లి ఆల్బమా?"

"ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, ఫ్రావ్ హేగెలె. కప్పును యాభై వేల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ లెక్క కట్టాను."

"కోయడం కసాయివాడికీ వచ్చు. ఏ బొమ్మ చూసినా పావు కప్పే ఉందేం? మిగతా ముప్పావు ట్రాములో మర్చిపోయారా?"

బాయర్లె ముసలమ్మకు ఫోను వాడడం నేర్పేవాడిలా నవ్వాడు. "నాలుగు వైపులా ఒకటే ఆకారం కదండీ. ఒక వంతు చేస్తే చాలు, మిగతావి అద్దంలో నీడలు. మంచు బరువుకు అయిదు రెట్లు మోస్తుంది."

"ఓహో! మంచును నాలుగు వైపులా సమానంగా పంచమని గాలికి ఉత్తరం రాశారన్నమాట."

పల్చటి పెంకు నాలుగు వైపులా ఒద్దికగా కుంగదు. బరువు ఒక పక్క పడితే ఆ పక్క దిగుతుంది, రెండో పక్క లేస్తుంది. పావు ముక్కకు అంచుల్లో అద్దం పెట్టి కట్టేస్తే అది అలా ఒరగలేదు. ఒరగలేని దాన్ని ఎంత అడిగినా కూలనుగాక కూలననే అంటుంది. ఈపాటి సంగతికి డాక్టరేటు ఎందుకని ఆవిడ పళ్లు నూరింది.

"కూర్చోండి. మొత్తం కప్పు పెట్టండి. మంచంతా పడమటి సగం మీదే వెయ్యండి. మేస్త్రీ చేతి వంకర రెండు సెంటీమీటర్లు కలపండి. మీ కంప్యూటర్లో తప్ప ఏ కప్పూ తిన్నగా ఉండదు."

నలభై నిమిషాలు యంత్రం రొద పెట్టింది. ఆవిడ వెన్న రాసిన బ్రెట్సెల్ రొట్టె తింది. అతన్ని మాటవరసకైనా తినమనలేదు. అయిదు రెట్లన్నది ఒకటీ పాయింటు రెండుకు, అంటే కూలడానికి అంగుళం దూరానికి దిగింది. తెరమీద కప్పు ఒక పక్క సొట్టపోయి ఉంది. బాయర్లె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గురువారం లేదు, గాడిదగుడ్డూ లేదు. సెంట్రింగ్ మీద చెయ్యి పడడానికి వీల్లేదు," అందావిడ హుషారుగా. "ఇంతకీ ఈ పావు విద్య మీకు నేర్పిన మహానుభావుడెవరండీ? ఒక్కసారి కాళ్లు చూపిస్తే మొక్కుతాను."

అతను సంచీలోంచి పాత జిరాక్సు కట్ట తీసి ముందు పెట్టాడు. ఊళ్లో బడి వ్యాయామశాల పెంకు కప్పు లెక్క, పందొమ్మిది వందల ఎనభై ఆరు. అడుగున ఆవిడ సంతకం.

"మీరే. ఇంజినీర్ల సంఘం లైబ్రరీలో మాదిరి లెక్క అని దీన్నే పెట్టారు. అక్షరం పొల్లు పోకుండా ఇలాగే చేశాను."

ఆవిడ మొదటి బొమ్మ చూసింది. పావు. అప్పటి యంత్రంలో అంతకు మించి పట్టేది కాదు, అది నిజమే. తర్వాత యంత్రాలు ఎంతో పెరిగాయి. ఇన్నేళ్లూ ఊళ్లో అందరి తప్పులూ ఏరిన మనిషి, తన కప్పు తాలూకు ముప్పావును ఒక్కసారీ చూడలేదు. సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి. కిటికీ అవతల ఆదివారం నుంచి ఆగకుండా మంచు, దాన్ని ఒక పక్కకే తోస్తూ పడమటి గాలి.

ఆవిడ ఫోను తీసింది. బడి గుమాస్తా పలికింది.

"హేగెలెని. వ్యాయామశాలలో ఇప్పుడెవరైనా ఉన్నారా?"

"మూడో తరగతి పిల్లలండీ, బంతాట ఆడుతున్నారు."

"వెంటనే బయటికి పంపండి."

"బయట మంచు కుమ్మేస్తోందండీ!"

"అందుకే."