ఓదెలు కొనుక్కున్న దారి

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కంప్యూటరు డబ్బాలో కూర్చుని తెర మీద బొమ్మలు గీయడం నా పని. ఆటల కోసమే నన్ను తయారుచేసి, అట్టపెట్టె మీద కత్తి దూసిన వీరుడి బొమ్మ వేసి పంపారు. కానీ నన్ను మొదట కొన్నవాడు ఒక్క ఆటా ఆడలేదు. హైదరాబాదు శివారులో ఒక రేకుల షెడ్డులో నాలాంటివాటిని వరుసగా బిగించి, కంటికి కనబడని డిజిటల్ నాణేల కోసం రేయింబవళ్లు లెక్కలు చేయించాడు. ఒళ్లు కాలిపోయేది. ఆ నాణేల ధర పడిపోగానే దుమ్ము దులిపి అమ్మేశాడు. దుమ్ము పోతే వయసూ పోతుందని మనుషుల నమ్మకం.

అలా కరీంనగర్‌లో ఇంతియాజ్ నడిపే కంప్యూటర్ల దుకాణం చేరాను. అక్కడికి స్వరూప వచ్చింది. పెద్దపల్లిలో బట్టలు కుడుతుంది. ఆమె భర్త ఓదెలు లారీ డ్రైవరు. బండి బోల్తాపడి నడుము కింద చచ్చుబడిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, ఫోనులో ఎవరో లారీ నడిపే ఆట చూపిస్తే లేపి కూర్చోబెట్టమన్నాడట.

అతని కోసం కంప్యూటరు డబ్బా చవకది తీసుకుంది. తెర పాతది తీసుకుంది. ఆటకు బిగించే స్టీరింగు దగ్గర మాత్రం బేరం ఆడలేదు. మిగిలిన డబ్బుకు ఇంతియాజ్ రెండు కార్డులు ముందు పెట్టాడు.

"అక్కా, ఈ చిన్నది కొత్తది, గ్యారంటీ ఉంటది. గానీ బొమ్మ ఆగి ఆగి నడుస్తది. ఈ పాతది మస్తు బలమైంది. ఎన్ని రోజులొస్తదో మాత్రం నేను చెప్పలేను."

ఆమె ఓదెలుకు ఫోను చేసింది.

"పాతదే తే. బతుకంత పాత బండ్లే నడిపిన. రోడ్డు మంచిగ కనవడాలె, గంతే."

కాళ్లతో తొక్కాల్సినవన్నీ చేతికి అందే మీటలుగా మార్చి ఇచ్చాడు ఇంతియాజ్. ఓదెలు స్టీరింగు పట్టుకున్న మొదటి ఉదయం నేను అతనికి ఘాట్ రోడ్డు గీసి చూపించాను. మలుపు దగ్గర హారను కొట్టాడు. గడ్డం గీయించుకోవడం మొదలుపెట్టాడు. "ఇయ్యాల యాడికి పోతున్నవ్?" అని స్వరూప మిషను తొక్కుతూ అడిగేది. "నాగపూర్. అన్నం సద్ది కట్టు," అనేవాడు. ఆమె నిజంగానే టిఫిను డబ్బాలో పెట్టి ఇచ్చేది.

వర్షాకాలం గడవకుండానే తెర మీద ఆకుపచ్చ గీతలు పడ్డాయి. షెడ్డులో కాలిన ఒళ్లు ఇక ఓర్వలేకపోయింది. ఒక మధ్యాహ్నం, అతను వంతెన దాటుతుండగా, అంతా నల్లబడింది. బండి బోల్తాపడ్డది కలలోకి వచ్చినప్పుడు అరిచినట్టే అరిచాడట; స్వరూప అన్నది.

లోపల విడిపోయిన అతుకులు కరిగి మళ్లీ కలుస్తాయేమోనని ఇంతియాజ్ నాకు వేడిగాలి పట్టి చూశాడు. వారం నడిచి మళ్లీ పోయాను.

"ఇంకోటి కొందాం," అన్నది స్వరూప.

"దేనితోని?"

ఆమె మళ్లీ మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది.

కార్డు లేకుండా కూడా కంప్యూటరు తెరుచుకునేది, కానీ రోడ్డు మసకబారి ముక్కలు ముక్కలుగా కదిలేది. రెండు రోజులు చూసి స్టీరింగు విప్పించేశాడు. తిండి తగ్గించి మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పాత సామాను కొనే బండి వీధిలోకి వచ్చినప్పుడు స్వరూప నన్ను చేతపట్టుకుని గుమ్మంలో నిలబడింది. "దీన్ని ఇచ్చెయ్యాల్నా?" అని అడిగింది.

ఓదెలు గోడవైపు నుంచి తిరగలేదు.

"లారీ పక్కకు పెట్టెయ్," అన్నాడు. "ఇగ దారి లేదు."