కళ్లారా చూసిన మలుపు

మలుపు దగ్గర పంక్చర్ షాపు నడిపే ఆవిడని అందరూ అక్క అనే పిలిచేవాళ్లు. ఆవిడకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు కూడా సైకిలు దిగి "అక్కా, కాస్త గాలి కొట్టు" అనేవాళ్లు. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. పంపు పట్టుకున్నవాళ్లకి వయసేమిటి అనేది.

షాపు రోడ్డుకి ఇవతల, ఇల్లు రోడ్డుకి అవతల. మధ్యలో ఆ మలుపు. అది ఎలాంటిదంటే, పిలిస్తే తల తిప్పినట్టు ఉన్నట్టుండి తిరిగిపోతుంది. వచ్చేవాడికి పోయేవాడు కనపడడు, పోయేవాడికి రోడ్డే కనపడదు. ఐదేళ్లలో పద్దెనిమిది మంది అక్కడ పోయారు. పదకొండోవాడు అక్క మొగుడు. లారీ టైరు దొర్లించుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. టైరు అవతలికి చేరింది. ఆయన చేరలేదు.

ఆ తర్వాత అక్క షాపు మూయలేదు, ఇల్లు మారలేదు. మారడానికి ఇంకో ఇల్లుండాలిగా. ఇంట్లో అత్తయ్య ఉంది. డెబ్బై ఆరేళ్లు, కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి ఇష్టమైనప్పుడు పనిచేస్తుంది. ఆవిడ రోజుకి నాలుగుసార్లు రోడ్డు దాటి కోడలికి అన్నం, మంచినీళ్లు, ఇంకో రెండుసార్లు ఊరికే సలహాలు తెస్తుంది.

"అత్తయ్యా, మీరు రావద్దు, నేనే వచ్చి తింటానని ఎన్నిసార్లు చెప్పాను?"

"నువ్వు వస్తే షాపు ఎవరు చూస్తారే? నా కాళ్లకేం, ఇనుప కాళ్లు."

"కాళ్లు కాదత్తయ్యా, చెవులు. హారన్ వినపడదు మీకు."

"ఆ హారన్ కొట్టేవాడికి కళ్లు లేవు, నాకు చెవుల్లేవు. సరికి సరి." అని గిన్నె అక్కడ పెట్టి, మళ్లీ రోడ్డు మీదికి దిగేది. వెనక్కి వెళ్లేటప్పుడు రోడ్డుకి అటూ ఇటూ చూసేది కాదు, తిన్నగా ఇంటివైపే చూసేది. అక్క ట్యూబు చేతిలో పట్టుకుని, అత్తయ్య గడప ఎక్కేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేది. ఆ నాలుగు నిమిషాల్లో ఏ పంక్చరూ అతికేది కాదు.

అందుకని అక్కకి కావలసింది ఒక్కటే. మలుపుకి అటొకటి ఇటొకటి, రెండు స్పీడ్ బ్రేకర్లు. మూడేళ్లుగా అడుగుతోంది. రోడ్ల ఇంజనీరు మర్యాదస్థుడు, కుర్చీ వేయించి మరీ లేదనేవాడు.

"అమ్మా, స్పీడ్ బ్రేకర్ ఊరికే వెయ్యరు. పైనుంచి లెక్క రావాలి. మీ మలుపులో ఐదేళ్లుగా ఒక్క ప్రమాదం లేదు."

"పద్దెనిమిది మంది పోయారు బాబూ. నా మొగుడు పదకొండు."

"రిజిస్టర్లో సున్నా ఉందమ్మా."

ఈ సున్నా సంగతి చెప్పాలంటే గుమస్తాగారి దగ్గరికి వెళ్లాలి. పెద్దాసుపత్రి గేటు పక్కన చిన్న గదిలో ప్రమాదాల రిజిస్టరు పెట్టుకుని ఆయన కూర్చునేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. ఆ కుర్చీకి ఆయన ఒంటి అచ్చు పడిపోయి, సెలవు రోజున కూడా ఎవరో కూర్చున్నట్టే ఉండేది. రోడ్డు భద్రత పర్యవేక్షణ సంఘమని పైన ఒకటుంది, దేశంలో ఏ రోడ్డు మంచిది ఏది చెడ్డదని తేల్చేది వాళ్లే. ఎప్పుడో ఎక్కడో ఒక గుమస్తా ఎవరో చెప్పిన మాట విని లేని వంతెన మీద ప్రమాదం రాశాడట. ఆ లేని వంతెనకి కొత్త రెయిలింగు మంజూరైపోయిందట. దాంతో సంఘం అధ్యక్షుడు ఒక ఆజ్ఞ జారీ చేశాడు. రాసేవాడు కళ్లారా చూసిన చోటునే ప్రమాద స్థలంగా రాయాలి, విన్నది రాయకూడదు, చూసింది వదలకూడదు.

గుమస్తాగారు కుర్చీలోంచి చూస్తే కనపడేది ఆసుపత్రి గేటు. కాబట్టి చుట్టుపక్కల ఎక్కడ ఎవరికి ఏం జరిగినా, ఆయన లెక్కలో అది ఆసుపత్రి గేటు దగ్గరే జరిగింది.

అంబులెన్సు నడిపేది అక్క తమ్ముడే. బావని మోసుకొచ్చింది కూడా తనే. ఆ రోజు గుమస్తాగారి బల్ల మీద రెండు చేతులూ ఆనించి అడిగాడు.

"అయ్యా, మా బావ మలుపులో పడ్డాడు. నేనే ఎత్తాను. మలుపు అని రాయండి."

"నువ్వు చూశావు బాబూ. నేను కళ్లారా చూశానా?"

"నా చొక్కా చూడండి!"

"చొక్కా ఇక్కడే ఉందిగా" అని గుమస్తాగారు ఆసుపత్రి గేటు అని రాసి ఇసుమంత కూడా వంకరపోకుండా గీత గీశాడు. చెడ్డవాడు కాదు. ఆ పూట తన అన్నం కూడా ఆ కుర్రాడికే పెట్టేశాడు. కానీ ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆ రోజే తమ్ముడు ఆయనకి కళ్లారా గారని పేరు పెట్టాడు. అది ఊరంతా పాకింది.

ఐదేళ్ల రిజిస్టరు చూసి పైవాళ్లు హడలిపోయారు. దేశం మొత్తం మీద ఆసుపత్రి గేటంత ప్రమాదకరమైన చోటు ఇంకొకటి లేదు. వెంటనే అక్కడ ఆరు స్పీడ్ బ్రేకర్లు వేయించారు. ఒకదాని వెనక ఒకటి, పిల్లి మొగ్గలేసినట్టు. ఇంజనీరు దగ్గరుండి వేయించాడు, ఎత్తు తక్కువైతే మాటొస్తుందని జానెడు చొప్పున. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కాలు విరిగి వచ్చినవాడు ఆరో గడ్డ దాటేసరికి నడుం కూడా పట్టుకునేవాడు. నాలుగో గడ్డ మీద ఒకావిడ కనేసింది కూడా. అంబులెన్సు నత్తలా పాకేసరికి ఇద్దరు ముగ్గురు లోపలికి చేరకముందే పోయారు. గుమస్తాగారు వాళ్లని కూడా రాశాడు. ఈసారి మాత్రం స్థలం తప్పు పోలేదు.

"పంక్చరు ట్యూబులో ఉంటే పంపుకి ప్యాచీ వేశారు" అంది అక్క. తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసుకుంటూ కూర్చుంది.

అలాంటి రోజుల్లో ఇంజనీరు స్వయంగా షాపుకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, శుభవార్త! మీ మలుపుకి ఆదర్శ మలుపు అవార్డు వచ్చింది. ఇంత వంకరగా ఉండి కూడా ఒక్క ప్రమాదం లేదంటే మాటలా? బుధవారం అధ్యక్షుల వారే వచ్చి బోర్డు తెరుస్తారు."

"బోర్డెందుకు బాబూ, రెండు గడ్డలు వెయ్యండి చాలు."

ఇంజనీరు నాలిక కరుచుకున్నాడు. "అదే చెప్పబోతున్నా. అవార్డు వచ్చాక ఐదేళ్లు మలుపుని ముట్టుకోకూడదు. ఎలా ఉన్నది అలాగే ఉండాలి. దేశమంతా దీన్ని చూసి నేర్చుకుంటుంది."

ఐదేళ్లంటే అత్తయ్యకి ఎనభై ఒకటి. రోజుకి నాలుగుసార్లు. అక్కకి పెద్ద చదువులు లేకపోయినా ఆ లెక్క కట్టడానికి బడి అక్కర్లేదు. ఆ రాత్రి తమ్ముడితో ఒక్కమాటే అంది. "ఒరే, బుధవారం దాకా ఇంకా మూడు రోజులున్నాయి. కళ్లారా గారిని ఒక్కసారి ఇక్కడికి తీసుకురాగలవా?"

"ఆయన కుర్చీ వదిలి రాడక్కా. సొంత పెళ్లికి కూడా లంచ్ టైములో వెళ్లొచ్చాడంటారు."

తీసుకురావలసిన పని లేకుండానే పోయింది. అవార్డు ఇచ్చేచోట అసలు రిజిస్టరు ఉండాలని, రాసినవాడే సున్నా అని పైకి చదవాలని నిబంధన ఉందట. బుధవారం పొద్దున గుమస్తాగారు రిజిస్టరు గుడ్డలో చుట్టి చంటిపిల్లలా ఎత్తుకుని అంబులెన్సులో దిగాడు. ఇరవై రెండేళ్ల తర్వాత పగటిపూట ఊరు చూస్తున్నాడేమో, ఎండకి కళ్లు చికిలించాడు. అక్క తన షాపు ముందు నీడలో స్టూలు వేసి రోడ్డువైపు కూర్చోబెట్టింది.

"మంచి చోటమ్మా, గాలి వస్తోంది" అన్నాడాయన.

"ఇక్కడ అన్నీ వస్తాయి బాబూ" అంది అక్క.

అధ్యక్షుడు కారు దిగాడు. బొద్దుగా, శుభ్రంగా, ఉతికి ఆరేసినట్టున్నాడు. బోర్డుకి గుడ్డ కప్పి ఉంది. కూర్చోవడానికి కుర్చీలు మాత్రం రాలేదు. కుర్చీల జీపు వెనక వస్తోందని, అందులో ఇంజనీరు ఉన్నాడని ఎవరో అన్నారు.

అదే సమయానికి అత్తయ్య గిన్నె పట్టుకుని గడప దిగింది. బుధవారమైనా అధ్యక్షుడైనా కోడలు తినాలిగా.

"అత్తయ్యా, ఆగండి!" అని అక్క అరిచింది. ఎడమ చెవికి ఆ పూట ఇష్టం లేదు.

జీపు మలుపులోంచి ఊడిపడింది. డ్రైవరు ముసలావిడని చూసి చక్రం అటు తిప్పేశాడు. జీపు ఆవిడ కొంగు పక్కనుంచి దూసుకొచ్చి, ఇసకలో జారి, తిన్నగా వెళ్లి బోర్డుని గుద్దుకుని ఆగింది. కుర్చీలు మాత్రం ఆగలేదు. ఒక్కొక్కటే ఎగిరొచ్చి రోడ్డు మీద వరసగా పడ్డాయి. గుడ్డ ఊడి బోర్డు తెరుచుకుంది. ఆదర్శ మలుపు, సున్నా ప్రమాదాలు అని అందరూ చదువుకున్నారు.

అత్తయ్య వెనక్కి తిరిగి చూసి, "ఎవరయ్యా కుర్చీలు రోడ్డు మీద వేసింది?" అని విసుక్కుని, గిన్నె తెచ్చి కోడలికి ఇచ్చింది. అక్క గిన్నె అందుకోలేదు. అత్తయ్యనే రెండు చేతులా పట్టుకుని ఆ పంపు పక్కనే కూలబడింది.

ఇంజనీరుకి భుజం ఎముక విరిగింది. తమ్ముడు ఆయన్ని స్ట్రెచర్ ఎక్కిస్తుంటే ఇవతల గుమస్తాగారు గుడ్డ విప్పి రిజిస్టరు తెరిచాడు. కలం మూత తీశాడు.

"ఏం రాస్తున్నారు?" అన్నాడు అధ్యక్షుడు.

"ప్రమాదమండి."

"ఇది ప్రమాదం కాదు. ఏర్పాట్లలో భాగం."

"ఎముక విరిగిందండి."

"అయితే ఆసుపత్రికి వెళ్లాక అక్కడ రాసుకోండి, ఎప్పుడూ రాసేచోటే."

గుమస్తాగారు లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని చాలా వినయంగా అన్నాడు. "క్షమించాలి. విన్నది రాయకూడదు, చూసింది వదలకూడదు. ఆ ఆజ్ఞ కింద సంతకం తమదే. నేను కళ్లారా చూశానండి."

అధ్యక్షుడు మింగలేక కక్కలేక అటూ ఇటూ చూశాడు. కూర్చుందామంటే కుర్చీలన్నీ రోడ్డు మీదున్నాయి. "కాస్త చూడనట్టు..." అని మొదలుపెట్టాడు.

"చూడనట్టు అనే గడి రిజిస్టర్లో లేదండి" అన్నాడు గుమస్తాగారు. స్థలం దగ్గర మలుపు అని రాసి, కింద గీత గీశాడు. ఈ గీత కూడా వంకరపోలేదు.

ఒక్క ప్రమాదం రిజిస్టరుకెక్కితే ఇక అవార్డు లేదు. అధ్యక్షుడు కారెక్కి వెళ్లిపోయాడు.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తే బాగుంటుంది. తమ్ముడు ఇంజనీరుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గేటు ముందు ఆరు గడ్డలూ వరసగా వచ్చాయి. తాను తీసిన గోతిలో తాను పడడం విన్నాం గానీ, తాను వేసిన గడ్డ మీద తాను ఎగరడం తమ్ముడు అప్పుడే చూశాడు. ఒక్కో గడ్డకి ఇంజనీరు ఒక్కో దేవుణ్ని తలుచుకున్నాడు. ఆరో గడ్డకి దేవుళ్లు అయిపోయి కాంట్రాక్టరుని తలుచుకున్నాడు. మూడు వారాలకి ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు చెబితే, అవి తీసేదాకా మంచం దిగనన్నాడు. ఐదు తీయించి, ఒకటి ఉంచి, అప్పుడు వెళ్లాడు. అట్నుంచి అటే చేతికి కట్టుతో మలుపు దగ్గరికొచ్చి అటొకటి ఇటొకటి స్పీడ్ బ్రేకర్లు వేయించాడు. ఇప్పుడు లారీలన్నీ షాపు ముందు నెమ్మదిస్తాయి. అత్తయ్య మధ్యలో ఆగి డ్రైవర్లకి కూడా సలహాలు ఇస్తుంది.

ఆ బుధవారం సాయంత్రం మాత్రం ఇంకొకటి జరిగింది. అంబులెన్సు తిరిగి వచ్చేదాకా గుమస్తాగారు షాపులోనే ఉండిపోయాడు. అక్క మంచినీళ్లిచ్చింది. అత్తయ్య తెచ్చిన అన్నం ముగ్గురూ పంచుకున్నారు. తిన్నాక అక్క చెయ్యి తుడుచుకుని అడిగింది.

"అయ్యా, ఆ పుస్తకంలో మా ఆయన ఉన్నాడా?"

గుమస్తాగారు వెనక్కి తిప్పాడు. వెతుక్కోనక్కర్లేకపోయింది, పేజీ నేరుగా వచ్చింది. వేలు పెట్టి చూపించాడు. స్థలం, ఆసుపత్రి గేటు. అక్క అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"దీన్ని మార్చరా?"

"అది నేను చూడలేదమ్మా" అన్నాడాయన. కాసేపు కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "ఎక్కడో చూపిస్తావా?"

అక్క రోడ్డు మీదికి తీసుకెళ్లింది. తెల్ల గీత అరిగిపోయిన చోట, కిలోమీటరు రాయికి ఎదురుగా, "ఇక్కడ" అంది. "టైరు అదిగో, ఆ గోడ దాకా వెళ్లింది."

గుమస్తాగారు గోడ చూశాడు, రాయి చూశాడు, నేల చూశాడు. వంగి అరచెయ్యి ఆనించాడు. అటుగా ఒక లారీ వస్తే అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. లారీవాడు ఏమిటీ అన్నట్టు చూసి, ఎందుకో హారన్ కొట్టకుండా ఆగాడు.

షాపులోకి వచ్చి గుమస్తాగారు అదే పేజీ తెరిచాడు. స్థలం ముట్టుకోలేదు. చివర రిమార్కులు అనే గడి ఉంది, ఇరవై రెండేళ్లుగా ఏ పేజీలోనూ ఆయన దాన్ని నింపలేదు. అందులో చిన్నగా, తిన్నగా రాశాడు.

భార్య స్థలం చూపించింది. చూశాను.

తర్వాత మిగిలిన పదిహేడు మంది ఎక్కడెక్కడ పడ్డారో అడిగి, మళ్లీ లేచాడు.