నాలుగో కుర్చీ

అర్జీలు రాసేది నేను, సంతకం పెట్టేది మా ఆయన. మిర్యాలగూడలో చదివిన డిగ్రీ నాకు అలా అక్కరకొచ్చింది. కోదాడలో మా పేట కమ్యూనిటీ హాలుకు ర్యాంపు కావాలని, లోపల చక్రాల కుర్చీ నిలిపేంత జాగా కావాలని మూడేళ్లలో ఆరు అర్జీలు రాశాను. వాటిని పట్టుకొని సోమవారం సోమవారం ఆయన్ని సూర్యాపేట కలెక్టరాఫీసుకు తీసుకెళ్లింది కూడా నేనే. తీసుకెళ్లడమంటే డెబ్బై కిలోల మనిషిని చంకల కింద చేతులేసి బస్సెక్కించడం, దించడం, మళ్లీ ఎక్కించడం. ఆ రోజు నేను పనిచేసే అంగన్‌వాడీకి సెలవు పెట్టి, పిల్లల్ని చూసుకోమని ఆయాను బతిమాలుకోవాలి. మా ఆయన వినోద్ వికలాంగుల సంఘం అధ్యక్షుడు. ప్రతి అర్జీలోనూ "నా భార్య సహాయంతో వచ్చియున్నాను" అని నా గురించి నేనే రాశాను.

మేళ్లచెరువు నుంచి సిమెంటు లోడుతో వస్తూ లారీ బోల్తా పడి ఆయన నడుము కింద చచ్చుబడిపోయి పన్నెండేళ్లు. అప్పుడు పూజ నా కడుపులో ఉంది. ఇప్పుడది ఏడో తరగతి. దాని బడి వార్షికోత్సవాలన్నీ ఆ హాల్లోనే జరుగుతాయి. ప్రతి ఏడూ నలుగురు మగవాళ్లు ఆయన్ని కుర్చీతో సహా మెట్లెక్కించి తలుపు దగ్గర దించుతారు. అక్కడి నుంచి ముందుకు దారి లేదు. నేను ఆయన వెనక నిలబడి, వచ్చేపోయేవాళ్లకు కుర్చీని అటూ ఇటూ జరుపుతూ ఉంటాను. పూజ ఆడిన ఆటా పాడిన పాటా తర్వాత ఎవరి ఫోన్లోనో చూడటమే. ఈసారి అది నాటకంలో జడ్జి. నల్లకోటు కుట్టింది నేను, జొన్నరొట్టెలు కొడుతూ మాటలు ఒప్పజెప్పించుకుంది నేను. ఒక్కసారి ముందు కూర్చొని చూడాలని ఉంది.

ర్యాంపు మంజూరైంది. లోపల జాగా కోసం కొలతలు తీసుకోవడానికి వర్క్ ఇన్‌స్పెక్టర్ జితేందర్ వచ్చాడు. ముందువరసలో కుడివైపు చివర నాలుగు కుర్చీలు నేలకు బోల్టులేసి ఉన్నాయి. ఐదో దాని నుంచి పెద్దమనుషుల సోఫాలు. జితేందర్ మూడు కుర్చీల కింద సుద్దముక్కతో గీత గీసి, "ఈ మూడు తీసేస్తే బండి తిరగడానికి గూడ జాగా ఉంటది. నాలుగోది ఉంచుతమక్కా" అన్నాడు.

"అదెందుకు?" అన్నాను.

"తోడొచ్చినోళ్లకు. రూల్ల ఉన్నది. నువ్వు కూసోవద్దా మరి?"

సిగ్గేసింది, నిజం చెప్పొద్దూ. ఎవరూ చూడకుండా వెళ్లి ఆ నాలుగో కుర్చీలో కూర్చున్నాను. వేదిక మొత్తం కనిపించింది. ఇంటికొచ్చి కూర తాలింపు వేస్తూ కూడా ఆ కుర్చీ గురించే ఆలోచించాను.

వారం తర్వాత, ఆయన స్నానానికి నేను నీళ్లు తోడుతుంటే తాపీగా చెప్పాడు. "నాలుగో కుర్సి గూడ తీసెయ్యమన్న. నాలుగూ తీస్తే రెండు బండ్లు పడ్తయట. మన గోపి బండి గూడ పెట్టొచ్చు."

గోపి మా సంఘంలో కుర్రాడే, పాతికేళ్లుంటాయి, అతనికీ చక్రాల కుర్చీయే. వద్దని ఎలా అంటాను? "మరి నేనేడ కూసోవాలె?" అన్నాను.

"నువ్వెప్పుడు కూసున్నవే?"

ఎకసెక్కంగా అనలేదు. నిజంగానే గుర్తు చేసుకుంటూ అడిగాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, సబ్బు నురగ పడిందన్నట్టు తుడుచుకున్నాను. "సోఫా ఒకటి జరపమనొచ్చు గద" అన్నాను.

"పెద్దోళ్లయి అవి. అడుగుతమా?"

వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా అత్త గౌరీబాయి అందుకుంది. "మొగుని ఎనక నిలవడితే కాళ్లు అరుగుతయా? నీ మామ ముంగట నేను ఇప్పటిదాంక మంచమెక్కి కూసోలే." ఆమె మోకాళ్లకు రోజూ నూనె రాసేది నేనే కాబట్టి, ఆ కాళ్లు అరిగాయో లేదో నాకు బాగా తెలుసు.

అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు చూడండి, అలా అయింది. సంఘంలో అందరూ మెచ్చుకున్నారు. తన పక్క సీటును సాటి వికలాంగుడికి ఇచ్చిన పెద్దమనసు అని గ్రూపులో ఫొటో పెట్టారు. మా ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కొట్టడు, తిట్టడు, గోపి అంటే ప్రాణం. ఆ వరసలో అన్నిటికన్నా తేలిగ్గా అడగగలిగింది నా కుర్చీని. ఆ మాటకొస్తే అడగలేదు కూడా. రాత్రికి ఆయన కాళ్లకు తైలం రాస్తూ ఈ మాట అందామనుకున్నాను. అప్పటికే నిద్రపోయాడు.

వార్షికోత్సవం నాడు ర్యాంపు మీద బండి సులువుగానే ఎక్కింది. ఖాళీ చేసిన జాగాలో ఆయన, పక్కన గోపి. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. వాళ్ల వెనక నేను, గోపి తల్లి సాయమ్మ. జ్యోతి వెలిగించారు, ఉపన్యాసాలిచ్చారు, శాలువాలు కప్పుకున్నారు. గంటన్నర గడిచాక పెద్దమనుషులు వేరే ప్రోగ్రాం ఉందని లేచి వెళ్లిపోయారు. అప్పుడు నాటకం మొదలైంది.

"అమ్మా, కాస్త కూర్చోండమ్మా, కనపడటం లేదు" అన్నాడు రెండో వరసలో ఒకాయన. ఆయన తప్పేం లేదు. చక్రాల వెనక, ఆ రెండో వరసాయన మోకాళ్ల ముందు ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. టైరూ, మా ఆయన వీపూ తప్ప ఏమీ కనబడలేదు. వేదిక మీద పూజ గొంతు వినబడింది. "నిశ్శబ్దం" అంటోంది, నేను నేర్పినట్టే. సాయమ్మ నడుం పట్టుకొని మూలిగింది.

నేను లేచాను. చక్రాలకు బ్రేకు వేసి, నీళ్ల సీసా మా ఆయన ఒళ్లో పెట్టి, సాయమ్మ చెయ్యి పట్టుకున్నాను. "రా పెద్దమ్మా."

"ఏడికి బిడ్డా?"

"కూసునేటందుకు."

గోపి బండి పక్కనున్న మొదటి సోఫాలో ఇద్దరం కూర్చున్నాం. ఒక వాలంటీరు గబగబా వచ్చి అది గెస్టులదని చెప్పాడు. "వస్తే లేస్తం" అన్నాను. సాయమ్మ నా చెవిలో, "తిడ్తరేమో బిడ్డా" అంది. "తిడ్తే కూసోని విందాం పెద్దమ్మా." నల్లకోటులో పూజ బల్ల మీద సుత్తితో కొట్టింది. కోటు భుజాల దగ్గర కొంచెం వదులైంది. పూజ నన్ను చూసి, మాట మరిచిపోబోయి, మళ్లీ అందుకుంది.

గోపిని దాటి మా ఆయన తల ఇటు వంచాడు. "ఏమే, లెవ్వు. ఏమనుకుంటరు?"

"ఏమన్న పనున్నదా?"

ఒళ్లో నీళ్ల సీసా, చక్రాల బ్రేకూ చూసుకున్నాడు. "పనేం లేదు."

"పనుంటే పిలువు. లేచి వస్త."

అన్నాకే గుర్తొచ్చింది, ఈ పన్నెండేళ్లలో ఆయన పిలిస్తే నేను లేచి వెళ్లింది ఒక్కసారీ లేదు. ఎప్పుడు పిలిచినా నిలబడే ఉన్నాను.